9 ఫ్లాగ్‌లు తీసేసి హైరార్కికల్ స్టేట్ మెషిన్ కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పలమనేరు దగ్గర పాల చిల్లింగ్ యూనిట్‌కి కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నావు, సీ ప్లస్ ప్లస్‌లో, క్యూటీ (Qt) అనే లైబ్రరీ మీద. 9 బూలియన్ ఫ్లాగ్‌లతో (అవును, కాదు అని మాత్రమే చెప్పే గుర్తులు) నడిపిస్తుంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తప్పుతోంది. అందుకని క్యూటీ వాళ్ల స్టేట్ మెషిన్ ఫ్రేమ్‌వర్క్‌కి (యంత్రం ఏ స్టేట్‌లో, అంటే ఏ పరిస్థితిలో ఉందో, ఏ ఈవెంట్, అంటే ఏ సంఘటన జరిగితే ఎటు మారాలో బాణాలతో చెప్పే పద్ధతి) మారి ఆటో, మాన్యువల్, సెట్టింగ్స్, క్లీనింగ్ అని నాలుగు పెద్ద స్టేట్‌లు గీసి, వాటి లోపల చిన్నవి పెట్టావు. ఇప్పుడు 'కరెంటు పోయింది' అనే బాణాన్ని నాలుగింటిలోనూ మళ్లీ మళ్లీ గీయాల్సి వస్తోంది, హైరార్కీ అంటే ఇదేనా అన్నా అని అడిగావు.

కాదు. నువ్వు గీసింది టచ్ స్క్రీన్ మెనూ. స్క్రీన్ మీద ఏ పేజీ కింద ఏ పేజీ ఉందో అది చెబుతుంది గానీ, ట్యాంకు ఏ పరిస్థితిలో ఉందో చెప్పదు. పేరెంట్ స్టేట్, అంటే చిన్న స్టేట్‌లని లోపల పెట్టుకునే పెద్దది, పెట్టడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది: పిల్లలందరి తరఫున ఏదో ఒక ఈవెంట్‌కి అది జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ పేరెంట్ వద్దు, ఎంత మంచి పేరు తట్టినా సరే. పదిహేనేళ్లుగా ఇవే రాస్తున్నా, మొదట్లో నేనూ పేర్లను బట్టే గూళ్లు కట్టాను. రెండు నెలలు గడిచేసరికి ప్రతి గూటికీ అదే బాణం అతికించాల్సి వచ్చేది, ఇప్పుడు నీకు వచ్చినట్టే.

ఈ పద్ధతి పుట్టిందే అందుకు. డేవిడ్ హారెల్ 1980ల మొదట్లో ఇజ్రాయెల్ విమానాల సంస్థకి సలహాదారుగా వెళ్లి, లావి అనే యుద్ధ విమానం ఎలక్ట్రానిక్స్ ఎలా నడుచుకోవాలో రాయడానికి అక్కడి ఇంజినీర్లతో కూర్చున్నప్పుడు ఈ బొమ్మలు గీశాడు, 1987లో స్టేట్‌చార్ట్‌ల పేరుతో పేపర్ వేశాడు. అందులో నాకు బాగా నచ్చిన విషయం చాలా మామూలుగా కనిపిస్తుంది: పెద్ద డబ్బా అంచు నుంచి ఒక బాణం గీస్తే, లోపల ఉన్న ప్రతి చిన్న డబ్బా నుంచీ గీసినట్టే. ఆ ఒక్క బాణం కోసమే పెద్ద డబ్బా. నీ బొమ్మలో ఏ పెద్ద డబ్బా అంచు నుంచీ ఒక్క బాణం కూడా బయలుదేరలేదు, ఒకసారి చూసుకో.

సరే, మొదలు ఎక్కడ అంటే కోడ్‌లో కాదు, డ్రాయింగ్‌లో కూడా కాదు. ఒక పెద్ద కాగితం మీద టేబుల్ గియ్యి. నిలువు వరసల్లో చిన్న స్టేట్‌లు మాత్రమే రాయి, పెద్దవి ఇప్పుడే వద్దు. అడ్డం వరసల్లో ఈవెంట్‌లు. నీ 9 ఫ్లాగ్‌లకి లెక్క ప్రకారం 512 కలయికలు వస్తాయి, కానీ నువ్వు పెట్టిన కోడ్ చదివితే నిజంగా ఉండగలిగేవి నాకు 11 కనిపించాయి. మిగతా 501 ఎప్పుడూ రాకూడనివి, కరెంటు పోయి వచ్చినప్పుడు నీ ప్రోగ్రాం వెళ్లి పడేది వాటిలోనే.

ఆ 11 ఏవంటే, పాలతో ఉన్నప్పుడు మూడు: చల్లబరచడం, 4 డిగ్రీల దగ్గర నిల్వ, ట్యాంకర్‌కి ఎక్కించడం. పాలు లేనప్పుడు రెండు: కడిగిన ఖాళీ, కడగాల్సిన ఖాళీ. కడిగేటప్పుడు ఐదు: మొదటి నీళ్లు, క్షారం, మధ్య నీళ్లు, యాసిడ్, ఆఖరి నీళ్లు. ఇంకొకటి కరెంటు లేదు. కంట్రోలర్‌కి చిన్న యూపీఎస్ ఉందన్నావు కాబట్టి మోటార్లు నడిపే త్రీఫేజ్ కరెంటు పోయినా ప్రోగ్రాం బతికే ఉంటుంది, అందుకే అది కూడా ఒక స్టేట్. ఈవెంట్‌లు ఎనిమిది చాలు: ఫేజ్ పోయింది, ఫేజ్ వచ్చింది, మూత తెరిచారు, మూత మూశారు, ఉష్ణోగ్రత 4కి దిగింది, ఉష్ణోగ్రత పెరిగింది, టైమర్ అయింది, ఆపరేటర్ బటన్ నొక్కాడు. మొత్తం 88 గళ్లు. ఓపిగ్గా ప్రతి గడీ నింపు. ఏమీ చేయనక్కర్లేని గడిలో 'పట్టించుకోకు' అని రాయి, ఆ ఈవెంట్ అక్కడ అసలు రాకూడదు అనుకుంటే 'రాకూడదు' అని రాయి. ఈ రెండూ ఒకటి కాదు, రెండోది జరిగితే లాగ్‌లో పడాలి. ఎమర్జెన్సీ స్టాప్‌ని టేబుల్‌లో ఎందుకు పెట్టలేదంటావేమో, దాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదలకూడదు, మోటార్లకి కరెంటు ఇచ్చే కాంటాక్టర్ (పెద్ద స్విచ్) వైరింగ్‌లోనే తెగిపోవాలి.

ఇప్పుడు అడ్డం వరసలు చదువుకుంటూ పో. ఫేజ్ పోయిన వరసలో పది గళ్లలోనూ ఒకే జవాబు ఉంటుంది: 'కరెంటు లేదు'కి వెళ్లు. అదిగో, నీ మొదటి పేరెంట్. ఆ పదింటినీ కలిపి 'పని' అని పేరు పెట్టు, దాని అంచు నుంచి ఒక్క బాణం.

మూత వరస ఇంకా బాగుంటుంది. పాలున్న మూడు స్టేట్‌లలో మూత తెరిస్తే పాలు కలిపే అజిటేటర్ ఆగాలి, ఎందుకంటే ఎవరో చెయ్యి పెట్టి శాంపిల్ తీస్తుంటారు. స్టేట్ మారనక్కర్లేదు. కడిగేటప్పుడు మూత తెరిస్తే మాత్రం వేడి క్షారం మొహం మీద చిమ్ముతుంది, పంపు ఆపేసి కడగడం మొత్తం రద్దు చేసి 'కడగాల్సిన ఖాళీ'కి పోవాలి. ఖాళీ ట్యాంకు మూత తెరిస్తే ఏమీ లేదు. ఈవెంట్ ఒకటే అయినా జవాబులు రెండు రకాలు, కాబట్టి పేరెంట్‌లు రెండు: 'పాలున్నాయి', 'క్లీనింగ్'. చూడు, ఈ రెండు గూళ్లూ నువ్వు ఊహించి పెట్టినవి కావు, మూత వరస చెప్పింది.

మరి 'ఖాళీ' అనే పేరెంట్ పెట్టాలా? నీకు చెయ్యి లాగుతుంది, రెండు ఖాళీలు పక్కపక్కనే ఉన్నాయి కదా అని. పెట్టకు. ఆ రెండింటి తరఫున జవాబు చెప్పాల్సిన ఈవెంట్ టేబుల్‌లో ఒక్కటీ లేదు. రెండూ నేరుగా 'పని' కిందే ఉండనీ. ఇది కేవలం పొదుపు కోసం చెప్పడం లేదు, కాసేపట్లో హిస్టరీ (ఆగిన స్టేట్‌ని గుర్తుపెట్టుకోవడం) దగ్గరికి వచ్చినప్పుడు ఎందుకో తెలుస్తుంది.

ముందు ఎంట్రీ, ఎగ్జిట్‌ల సంగతి, అంటే స్టేట్‌లోకి వచ్చేటప్పుడూ వదిలేటప్పుడూ నడిచే కోడ్. మన తిరుపతి వాళ్లకి ఇది చెప్పడం తేలిక. కొండ మీద గుడిలోకి మహాద్వారం, ఆ తర్వాత వెండివాకిలి, ఆ తర్వాత బంగారువాకిలి దాటి వెళ్తాం, వచ్చేటప్పుడు లోపలి నుంచి బయటికి అదే వరస తిరగబడుతుంది. స్టేట్ మెషిన్ కూడా అంతే, లోపలికి పోయేటప్పుడు పెద్ద స్టేట్ ఎంట్రీ ముందు, చిన్నది తర్వాత, బయటికి వచ్చేటప్పుడు చిన్నదాని ఎగ్జిట్ ముందు. ఇంకొకటి గమనించు. దర్శనం చేసుకుని హుండీ దగ్గరికి వచ్చే మనిషి బంగారువాకిలి దాటి బయటికి వస్తాడు గానీ వెండివాకిలి దాటడు. ట్రాన్సిషన్ (మనం గీసే బాణం) కూడా బయలుదేరిన స్టేట్‌కీ చేరాల్సిన స్టేట్‌కీ ఉమ్మడిగా ఉన్న దగ్గరి పేరెంట్ వరకే బయటికి వస్తుంది, ఆ పేరెంట్ ఎగ్జిట్ నడవదు. అందుకని 'పాలున్నాయి' ఎంట్రీలో ఉష్ణోగ్రత రికార్డింగ్ మొదలుపెట్టి ఎగ్జిట్‌లో ఆపితే, చల్లబరచడం నుంచి నిల్వకి పోయినా నిల్వ నుంచి మళ్లీ చల్లబరచడానికి వచ్చినా రికార్డింగ్ తెగదు. ఫ్లాగ్ లేదు, ఇఫ్ లేదు. నాకు హైరార్కీ మీద ప్రేమ పుట్టింది ఇక్కడే.

ఎంట్రీలో ఏం పెట్టాలో తెలియకపోతే ఎంత నష్టమో కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట చిత్తూరు వైపు ఒక డెయిరీలో నేను రాసిన కంట్రోలర్ నడుస్తోంది. కరెంటు వచ్చాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవ్వాలని 'పని'కి డీప్ హిస్టరీ పెట్టాను, అంటే అన్నిటికంటే లోపలి స్టేట్‌ని కూడా గుర్తుపెట్టుకుని నేరుగా అక్కడికే పోతుంది. ఒక రాత్రి ట్యాంకు కడుగుతుండగా ముప్పావు గంటలో మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. తెల్లారి ఆపరేటర్ నన్ను గోడ పక్కకి పిలిచి క్షారం క్యాన్ చూపించాడు. ఆయన రోజూ కడగడం అయ్యాక క్యాన్ మీద మార్కర్‌తో ఒక గీత గీసేవాడు, గీతకీ గీతకీ మధ్య ఇంచుమించు రెండు వేళ్ల దూరం. ఆ పొద్దు క్షారం ముందురోజు గీతకి ఎనిమిది వేళ్ల కిందికి దిగిపోయి ఉంది. ఏమీ అనలేదు, వేళ్లు ఆనించి కొలిచి చూపించాడు, అంతే.

జరిగింది ఏమిటంటే, క్షారం కలిపే డోసింగ్‌ని నేను 'క్షారం' స్టేట్ ఎంట్రీలో రాశాను. హిస్టరీ ద్వారా తిరిగొచ్చినా ఎంట్రీ మళ్లీ నడుస్తుంది. హిస్టరీ గుర్తుపెట్టుకునేది స్టేట్ పేరు మాత్రమే, అందులో ఎంత పని అయిందో దానికి తెలియదు. మొదటి డోసు కాక మూడు డోసులు ఎక్కువ పడ్డాయి. ట్యాంకు మొత్తం నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగించాం, పొద్దున రావాల్సిన పాలు రెండు గంటలు క్యాన్లలోనే ఆగాయి, ఎండ ఎక్కుతుంటే రైతులు నా మొహం చూస్తూ నిలబడ్డారు. అప్పటి నుంచి ఎంట్రీలో పెట్టేది ఎన్నిసార్లు నడిచినా ఫలితం మారనిదే: వాల్వ్ తెరువు, పంపు ఆన్ చెయ్యి, దీపం వెలిగించు. ఒక్కసారే జరగాల్సింది, అంటే డోసు వేయడం, లెక్కలో ఒకటి కలపడం, మెసేజ్ పంపడం, ఇవన్నీ ట్రాన్సిషన్ యాక్షన్‌లో ఉండాలి. 'మొదటి నీళ్లు' నుంచి 'క్షారం'కి పోయే బాణం మీద డోసు రాయి, బాణం ఒకసారి దాటితే డోసు ఒకసారి.

ఇప్పుడు హిస్టరీ. డీప్ కాకుండా షాలో హిస్టరీ పెట్టు. అది 'పని' కింద మొదటి అంతస్తు వరకే గుర్తుపెట్టుకుంటుంది, లోపల ఆ స్టేట్‌కి రాసిన ఇనీషియల్‌కి, అంటే మొదలవ్వాల్సిన చిన్న స్టేట్‌కి, పోతుంది. నీ యూనిట్‌కి ఇది సరిగ్గా అతికినట్టు కుదురుతుంది. కడుగుతుండగా కరెంటు పోతే 'క్లీనింగ్'కి తిరిగొచ్చి మొదటి నీళ్ల నుంచి మొదలవుతుంది, కావాల్సింది అదే. పాలుండగా పోతే 'పాలున్నాయి'కి వచ్చి ఇనీషియల్ అయిన చల్లబరచడంలోకి పోతుంది, ఉష్ణోగ్రత ఇంకా 4 దగ్గరే ఉంటే వెంటనే నిల్వకి మారుతుంది. ట్యాంకర్‌కి ఎక్కిస్తుండగా పోతే తిరిగి పంపు దానంతట అది మొదలవ్వదు, ఆపరేటర్ మళ్లీ బటన్ నొక్కాలి. గొట్టం ఊడదీసి ఉంటే పాలు నేలపాలు కాకుండా ఇదే కాపాడుతుంది. రెండు ఖాళీలూ నేరుగా 'పని' కింద ఉన్నాయి కాబట్టి ఏది అదే గుర్తుంటుంది. 'ఖాళీ' అని పేరెంట్ పెట్టి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ కడిగిన ట్యాంకు కడగాల్సినదిగా మారిపోయేది, లేదా ఇంకా ఘోరంగా కడగనిది కడిగినదైపోయేది. అక్కర్లేని పేరెంట్ వద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. యూపీఎస్ కూడా అయిపోయి కంట్రోలర్ ఆగిపోతే మాత్రం ఈ హిస్టరీ ఏదీ మిగలదు, అది ర్యామ్‌లోదే. స్టేట్ మారినప్పుడల్లా పేరు ఫ్లాష్‌లో రాసుకుని, బూట్ అయ్యేటప్పుడు చదువుకుని, అనుమానం ఉంటే 'కడగాల్సిన ఖాళీ'కో 'పాలున్నాయి'కో పోయేలా నువ్వే రాయాలి.

కంప్రెసర్ గురించి నువ్వు అడగలేదు, కానీ నీ బొమ్మలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. చల్లబరచడం లోపల 'ఆగు మూడు నిమిషాలు', 'నడుపు' అని రెండు చిన్న స్టేట్‌లు పెట్టావు. కంప్రెసర్ ఆగాక రెండు వైపులా ప్రెషర్ సమానమవడానికి ఆ టైము కావాలి, లేకపోతే లోడ్ మీద స్టార్ట్ అవ్వలేక మోటారు మూలుగుతుంది, ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంది, అదే రోజూ జరిగితే వైండింగ్ పోతుంది. ఆ సంగతి నీకు తెలిసే పెట్టావు, మంచిదే. కానీ విశ్రాంతి టైమరు చల్లబరచడం అనే స్టేట్ సొత్తు అయింది, ఆ స్టేట్ వదిలితే టైమరు కూడా పోతుంది. అసలు విశ్రాంతి లెక్క మొదలవ్వాల్సింది కంప్రెసర్ ఆగిన క్షణం నుంచి, నువ్వేమో స్టేట్‌లోకి వచ్చిన క్షణం నుంచి లెక్కపెడుతున్నావు. నిల్వలో అరగంట ఆగి ఉన్న కంప్రెసర్ కూడా ఊరికే ఇంకో మూడు నిమిషాలు ఆగుతుంది. రేపు ఎవరో 'ఇంత ఆలస్యం ఎందుకు' అని ఆ చిన్న స్టేట్ తీసేస్తారు, ఆ రోజు మోటారు కాలుతుంది.

కంప్రెసర్‌కి విడిగా ఒక చిన్న మెషిన్ ఇవ్వు. మూడే స్టేట్‌లు: విశ్రాంతి, సిద్ధం, నడుస్తోంది. పెద్ద మెషిన్ దానికి 'చల్లదనం కావాలి', 'చాలు' అని ఈవెంట్‌లు పంపుతుంది, ఎప్పుడు స్టార్ట్ అవ్వాలో అది చూసుకుంటుంది. ఫేజ్ పోయిన సంగతి దానికి కూడా నేరుగా చేరాలి. అజిటేటర్‌కి కూడా అంతే, మూత తెరిచి ఉందన్న విషయం గుర్తుంచుకోవాల్సింది అదే. లేకపోతే మూత తీసి ఉండగా చల్లబరచడం కాస్తా నిల్వకి మారి, నిల్వ ఎంట్రీ అజిటేటర్‌ని తిప్పేస్తుంది, చెయ్యి లోపలే ఉంటుంది. దీన్ని క్యూటీలో ప్యారలల్ స్టేట్‌గా (ఒకే మెషిన్‌లో ఒకేసారి నడిచే భాగాలుగా, వాటినే రీజియన్లు అంటారు) కూడా చేయొచ్చు, నాలుగు స్టేట్‌ల చొప్పున మూడు రీజియన్లు పెడితే 64 కలయికల బదులు 12 స్టేట్‌లు గీస్తే చాలన్న లెక్క నిజమే. కానీ ఒకే మెషిన్‌లో ఉంటే పక్క రీజియన్ ఏ స్టేట్‌లో ఉందో తొంగి చూసి నిర్ణయాలు తీసుకోవాలనిపిస్తుంది, మెల్లగా మళ్లీ ఫ్లాగ్‌ల దగ్గరికే వస్తాం. మోటారు లాంటి వస్తువుకి విడి మెషిన్, అది నా మాట.

ఫ్రేమ్‌వర్క్ విషయానికి వస్తే, క్యూటీలో ఇది 4.6 నుంచి, అంటే 2009 నుంచి ఉంది, క్యూటీ 6లో విడి మాడ్యూల్ అయింది కాబట్టి బిల్డ్ ఫైల్‌లో అది కలపడం మరిచిపోకు. దాని నడక ఎక్కువగా ఎస్‌సీఎక్స్‌ఎంఎల్ (స్టేట్ మెషిన్‌లని రాసే భాష) పద్ధతిలో ఉంటుంది, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని 2015లో ప్రమాణంగా ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీసే ప్రమాణమైన యూఎంఎల్‌లోనూ ఇక్కడా పిల్ల స్టేట్ మాట ముందు చెల్లుతుంది, అక్కడ జవాబు లేకపోతేనే పేరెంట్‌కి పోతుంది. హారెల్ బృందం తయారుచేసిన స్టేట్‌మేట్ అనే టూల్‌లో ఇది తలకిందులు, పేరెంట్ మాటే ముందు. అందుకని పాత బొమ్మ ఏదైనా చూసి రాస్తుంటే అది ఏ పద్ధతిలో గీశారో ముందు తెలుసుకో. పేరెంట్ జవాబు ఒక పిల్లకి మాత్రం వద్దనుకుంటే, ఆ పిల్లలో అదే ఈవెంట్‌కి టార్గెట్ లేని ట్రాన్సిషన్ ఒకటి పెట్టు, అక్కడే ఆగిపోతుంది. ఇంకొక ఉచ్చు ఉంది: పేరెంట్ నుంచి దాని సొంత పిల్లకే బాణం గీస్తే క్యూటీలో మామూలుగా పేరెంట్ ఎగ్జిట్ అయి మళ్లీ ఎంట్రీ అవుతుంది, జావాస్క్రిప్ట్ వాళ్లు వాడే ఎక్స్‌స్టేట్ 5లో మామూలుగా అలా అవదు. బొమ్మ ఒకటే, నడక వేరు. నీ ఉష్ణోగ్రత రికార్డింగ్ మధ్యలో తెగి కొత్త ఫైల్ మొదలైందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

ఇంకా, ఎంట్రీలో స్లీప్ పెట్టొద్దు, ఎంత చిన్నదైనా. ఒక ఈవెంట్ పని పూర్తిగా అయ్యాకే మెషిన్ ఇంకో ఈవెంట్‌ని తీసుకుంటుంది, నువ్వు ఎంట్రీలో ఐదు సెకన్లు నిద్రపోతే ఆ ఐదు సెకన్లూ ఫేజ్ పోయినా మూత తెరిచినా వినేవాళ్లు లేరు. టైమర్ పెట్టి వదిలెయ్, అది అయ్యాక ఈవెంట్‌గా వస్తుంది. లోతు విషయంలో మూడు అంతస్తులు దాటితే నేను ఆగి మళ్లీ టేబుల్ చూస్తాను, చాలావరకు అక్కడ విడి మెషిన్ ఒకటి దాక్కుని ఉంటుంది. ఆటో, మాన్యువల్ అనేది టేబుల్‌లో ఎక్కడా రాలేదు, గమనించావా? అది స్క్రీన్ ఏ బటన్లు చూపించాలో చెప్పే సంగతి, స్క్రీన్ కోడ్‌లోనే ఉండనీ.

టెస్టింగ్‌కి ఆ 88 గళ్లే నీ టెస్ట్‌లు. మెషిన్‌ని ఒక స్టేట్‌లో నిలబెట్టు, ఒక ఈవెంట్ పంపు, ఎక్కడికి చేరిందో టేబుల్‌తో పోల్చు. మోటార్లు, వాల్వ్‌లు నకిలీవి పెట్టుకుంటే లాప్‌టాప్ మీద క్షణాల్లో అయిపోతుంది, పలమనేరు పరుగెత్తనక్కర్లేదు. యూనిట్‌లో ఉన్నప్పుడు స్టేట్, ఈవెంట్, కొత్త స్టేట్, టైము, ఈ నాలుగూ ప్రతిసారీ ఫైల్‌లో పడనీ. అర్ధరాత్రి ఫోన్ వస్తే ఆ ఫైల్ తెప్పించుకుని అవే ఈవెంట్‌లు ఇంట్లో కూర్చుని మళ్లీ ఆడించొచ్చు.

ఈ వారం కోడ్ ముట్టుకోకు, టేబుల్ గీసి ఫోటో పెట్టు. నేను ముందు చూసేది 'కరెంటు లేదు' స్టేట్, 'మూత తెరిచారు' ఈవెంట్ కలిసే గడి. కరెంటు లేనప్పుడు పాలున్న ట్యాంకు మూత తీశారు, తీసి ఉండగానే కరెంటు వచ్చింది, అప్పుడేం జరగాలో అక్కడ ఏం రాస్తావో చూసి మిగతాది మాట్లాడదాం.